చెరువు పుట్టుక గట్టు మీదే తెలుస్తుంది: పిల్లల ప్రాజెక్టుకి ఒక దారి

హైస్కూలు పిల్లలకి సెలవులొస్తే సోషల్ టీచర్లు ఇచ్చే ప్రాజెక్టుల్లో ఇదొకటి తప్పకుండా ఉంటుంది: మీ ప్రాంతంలోని సహజ సరస్సులు, మానవ నిర్మిత సరస్సులు, వాటివల్ల వచ్చే వనరులు. మన ఇళ్లలో దాన్ని ఎలా చేస్తారో అందరికీ తెలిసిందే. ఫ్యాన్సీ షాపులో చార్టు కొంటారు, రెండు కలర్ ప్రింట్లు అంటిస్తారు, థర్మకోల్‌తో ఓ డ్యాము కట్టి నీలం రంగు పూస్తారు. చేసేది అమ్మ, మార్కులు పిల్లాడికి.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను, ఉండేది గుంటూరులో. బంధువుల పిల్లలు ఈ పని పడగానే నా దగ్గరికొస్తారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. విజయవాడ, గుంటూరు వాళ్లకి ఈ పాఠం పుస్తకంలో చదవాల్సిన అవసరమే లేదు. పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చే దూరంలో కొల్లేరు ఉంది, నాగార్జునసాగర్ ఉంది, ప్రకాశం బ్యారేజీ ఉంది, కాలువ పక్కన మంచినీళ్ల చెరువులున్నాయి, కొండవీడు మీద రెడ్డిరాజుల నాటి చెరువులున్నాయి.

నీళ్లని చూసి మాత్రం ఏదీ తేల్చకండి. ఎవరు తవ్వినా, ఎవరూ తవ్వకపోయినా నీళ్లు ఒకేలా ఉంటాయి. గట్టు చూడాలి, నీళ్లు బయటికి పోయే దారి చూడాలి. ఆ దారికి తలుపుందా, ఉంటే తీసేదెవరు అని అడగాలి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ముందురోజు రాత్రి ఫోన్‌తో

మ్యాప్ తెరిచి ఉపగ్రహ చిత్రం పెట్టండి. పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ముందు నాగార్జునసాగర్ చూపించండి. ఒక చోట మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, అది డ్యాము. దాని వెనక నీళ్లు వంకల్లోకి, లోయల్లోకి చొచ్చుకుపోయి గజిబిజిగా పరుచుకుని ఉంటాయి. ఏటికి అడ్డం కట్టిన ఏ జలాశయమైనా ఇలాగే కనిపిస్తుంది. తర్వాత ఏదైనా ఊరి చెరువు చూడండి. ఒక వైపు వంపు తిరిగిన కట్ట, దాని కింద పచ్చటి పొలాలు, ఎదుటి వైపు అంచు ఎగుడుదిగుడుగా మెట్ట నేలలో కలిసిపోతూ ఉంటుంది. డెల్టాలో కాలువ పక్కన నలుచదరంగా కనిపించేవి మంచినీళ్ల చెరువులు. వేసవిలో కాలువ కట్టేసే ముందు వాటిని నింపుకుంటారు, మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతా తాగేది ఆ నీళ్లే.

ఆఖర్న కొల్లేరు పెట్టండి. తిన్నటి గీత ఎక్కడా దొరకదు గానీ, లోపలా చుట్టూరా గళ్లు గళ్లుగా వందల చెరువులు కనిపిస్తాయి. అవి చేపల చెరువులు. సహజమైన సరస్సు మీద మనిషి గీసుకున్న గళ్లవి. ఈ నాలుగు బొమ్మల్నీ పిల్లాడి చేత పెన్సిల్‌తో వేయించండి. ప్రింట్ కంటే నయం, టీచరుకి కూడా పిల్లాడే చేశాడని తెలుస్తుంది.

గట్టు మీద నిలబడి చూడాల్సినవి

మొదటి పరీక్ష చాలా తేలిక. కట్ట మీద నిలబడి ఒకసారి నీళ్ల వైపు, ఒకసారి అవతలి వైపు చూడండి. అవతలి నేల నీటిమట్టం కంటే కిందికి ఉందా? ఉంటే ఆ నీళ్లని ఎవరో ఆపారు. తనంతట తాను ఏర్పడిన సరస్సుకి చుట్టూ నేల పైకే లేస్తుంది. పల్లపు వైపు అంటూ ఉంటే, నీళ్లు పొర్లిపోయే వాగు నోరు ఒక్కటే.

రెండోది తూము. పాత చెరువుల్లో కట్టకి కాస్త లోపలగా, నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మీద అడ్డంగా రాతి దూలం, దూలానికి నడిమధ్య ఒక చిల్లు. ఆ చిల్లులోంచి పొడుగాటి కర్ర కిందికి దిగుతుంది, కర్ర చివర బిరడా. కర్ర పైకి లాగితే కట్ట అడుగున ఉన్న సొరంగంలోంచి నీళ్లు పొలాల కాలువలోకి పడతాయి. ఇప్పుడు చాలాచోట్ల కర్ర పోయి ఇనుప షట్టరు, మర ఉన్న కడ్డీ, తిప్పడానికి చక్రం వచ్చాయి. ఆ మర దగ్గర పిల్లల్ని ఆపి, గ్రీజు ఉందా, తుప్పు పట్టిందా అని చూడమంటాను. గ్రీజు మెరుస్తుంటే ఆ చెరువు కింద ఇంకా వ్యవసాయం నడుస్తున్నట్టు. తుప్పు పట్టి, మర సందుల్లో సాలెగూళ్లు కడితే ఆయకట్టు, అంటే ఆ చెరువు నీళ్లతో పండే పొలం, ప్లాట్లయిపోయి ఉంటుంది, లేదా రైతులు బోర్లకి మళ్లి ఉంటారు. ఆ ఊళ్లో నీటి సంగతి ఎలా ఉందో తెలుసుకోడానికి ఇంతకంటే చవకైన మీటరు లేదు.

మూడోది అలుగు. చెరువు నిండాక మిగులు నీళ్లు పోవడానికి కట్ట ఒక చివర రాతితో కట్టిన తక్కువ ఎత్తు గోడ. అలుగు ఎంత ఎత్తుంటే చెరువు అంతవరకే నిండుతుంది. అందుకే కట్టిన చెరువుకి అంచు ఎక్కడుందో ఖాయంగా చెప్పొచ్చు. సహజ సరస్సుకి అలా చెప్పలేం. కొల్లేరు దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది, ఆ ముచ్చట తర్వాత.

చెరువు ఎలా కట్టాలో మనవాళ్లు రాతి మీదే చెక్కి పెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకి పన్నెండు అంగాలు కావాలని, ఆరు దోషాలు ఉండకూడదని అందులో ఉంది. నేల గట్టి బంకమట్టిది కావాలి, తియ్యని నీళ్లున్న ఏరు కావాలి, రెండు కొండల మధ్య మరీ పొడుగుకాని గట్టి రాతి కట్ట ఉండాలి, దగ్గర్లో రాతి గని ఉండాలి, పని తెలిసిన మనుషులుండాలి. దోషాల్లో మొదట చెప్పుకోవాల్సింది కట్ట నుంచి నీరు ఊరడం. చెరువు మధ్యలో మెరక, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో కట్టడం కూడా దోషాలే. సరిహద్దు సంగతి ఆరువందల యాభై ఏళ్ల కిందటే రాసిపెట్టారంటే, నీటి తగాదాలు మనకి కొత్తేం కాదన్నమాట. పిల్లల ప్రాజెక్టుకి ఈ శాసనమే చెక్‌లిస్టు. మీ ఊరి చెరువు దగ్గర ఈ అంగాల్లో ఎన్ని కనిపిస్తాయో టిక్కు పెట్టుకోమనండి. కొండవీడు ఘాట్ రోడ్డెక్కితే ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడున్నాయి. కొండల నడుమ, అడ్డకట్ట, వాన నీళ్లు తప్ప ఇంకో ఆధారం లేదు. కోటలో ఉన్న జనం దాహం తీరాలంటే ఇదే దారి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాయించండి. మన దక్కను వైపు, సముద్ర తీరానికి దూరంగా ఉన్న ప్రాంతాల్లో సహజ మంచినీటి సరస్సులు బహు తక్కువ. పాతది, పెద్దది, అందంగా ఉంది కదా అని సహజమనుకోకూడదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా కంభం చెరువు చూస్తే ఎవరో తవ్వారంటే నమ్మబుద్ధి కాదు. గుండ్లకమ్మకి కొండల నడుమ అడ్డకట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కట్టించిందది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ కూడా కట్టిందే, 16వ శతాబ్దంలో.

బ్యారేజీ దగ్గర

విజయవాడ పిల్లల్లో చాలామంది కృష్ణ ఇక్కడ ఇంత వెడల్పుగా, ఇంత నిండుగా ఉండటం దాని స్వభావం అనుకుంటారు. ఏప్రిల్ నెలలో ఓ సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడిపించండి. పడమటి వైపు భవానీ ఐలాండ్ దాకా నీళ్లు, తూర్పు వైపు ఇసుక మేటలు, మధ్యలో సన్నటి పాయలు. ఎండాకాలంలో ఏరు నిజానికి ఎలా ఉండాలో చెప్పేది ఆ తూర్పు వైపు. పడమటి వైపున్నది కట్టి ఆపిన నీళ్లు.

ఇక్కడ మొదట 1855లో ఆనకట్ట పూర్తయింది. దాదాపు వందేళ్లు పనిచేసి 1952లో గండి పడింది. ఇప్పుడున్న బ్యారేజీ 1957లో పూర్తయింది, 70 గేట్లు. దీని నిల్వ సుమారు 3 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వినడానికి పెద్ద లెక్కే గానీ, ఏటికి ఎగువనున్న పులిచింతల జలాశయానిది దాదాపు 46 టీఎంసీలు, సాగర్‌ది 312. మరి మూడు టీఎంసీల కోసం ఇంత కట్టడం ఎందుకు? పిల్లల చేత ఈ ప్రశ్న అడిగించండి, టీచరుకి నచ్చుతుంది. బ్యారేజీ నీళ్లు దాచుకోడానికి కట్టింది కాదు. ఏటి మట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపి, అటు బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లోకి, ఇటు గుంటూరు వైపు పడమటి డెల్టా కాలువలోకి నీళ్లు తమంతట తామే పారేలా చేయడం దాని పని. దాచే పని సాగర్‌ది, పులిచింతలది. ప్రాజెక్టు పుస్తకంలో మానవ నిర్మితం అని ఒకే గడిలో మూడూ రాసేస్తే ఈ తేడా పోతుంది.

కొల్లేరు

దీనికి మాత్రం ఒక రోజంతా పెట్టుకోండి. గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే లైన్లో కైకలూరు స్టేషన్‌లో దిగితే పక్షులు చేరే ఆటపాక దగ్గరే.

కృష్ణ, గోదావరి రెండూ ఒండ్రు పోసుకుంటూ సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ వెళ్లాయి. రెండు డెల్టాల మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. ఎవరూ తవ్వలేదు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా చిన్న వాగులు, డ్రెయిన్లు వచ్చి కలుస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరుగుతూ పోయి సముద్రంలో కలుస్తుంది. ఇందాక చెప్పిన అంచు సంగతి ఇక్కడ చూడండి. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు లెక్కేస్తే కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు. అదే 10 అడుగుల గీత వరకు నీళ్లొస్తే 900 దాటుతుంది. ఐదడుగులు పెరిగితే మూడింతలు పరుచుకుంటుందంటే ఎంత లోతు తక్కువ పళ్లెమో ఊహించుకోవచ్చు. వానల్లో ఉబ్బడం, ఎండల్లో ముడుచుకోవడం దాని ఆరోగ్యం. ఎండాకాలం బయటపడిన నేల ఖాళీగా ఉందని గట్లు పోసుకుంటూ పోతే, వానాకాలం ఆ నీళ్లు వేరే చోటు వెతుక్కుంటాయి.

5 అడుగుల గీత లోపలి ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) చేర్చారు. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వమే కొట్టించింది. తర్వాత కొన్ని మళ్లీ వెలిశాయి. దీని మీద సరస్సు లోపలి లంక గ్రామాల వాళ్లు ఒకటి చెబుతారు, పక్షుల వాళ్లు ఒకటి చెబుతారు, చెరువుల వాళ్లు మరొకటి. పిల్లల్ని ముగ్గురి మాటా వినమనండి, తీర్పు రాయక్కర్లేదు.

విజయవాడ సింగ్‌నగర్ పిల్లలకైతే కొల్లేరు చుట్టమే. మైలవరం వైపు కొండల్లో పుట్టి నగరం పక్కగా వచ్చే బుడమేరు చివరికి పోయి కలిసేది అందులోనే. 2024 సెప్టెంబరు మొదట్లో గట్లకి గండ్లు పడి ఇళ్లలోకి వచ్చిన నీళ్లు ఆ బుడమేరువే. అదే రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) దాటింది. మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీద మరక ఇంకా ఉంటే, ఫోటో తీసి ప్రాజెక్టులో పెట్టమనండి. కొల్లేరు పైన ఏం జరిగితే ఎక్కడ తెలుస్తుందో ఆ ఒక్క ఫోటో చూపిస్తుంది.

కైకలూరులో చేపల మార్కెట్ తప్పకుండా చూపించండి. ఐసు పెట్టెల్లో సర్దుతున్న శీలావతి, బొచ్చె చెరువుల్లో మేత వేసి పెంచినవి, లారీలెక్కి రాష్ట్రం దాటి పోయేవి. గంపల్లో కొద్దికొద్దిగా కనిపించే కొరమీను, మట్టగిడస, జెల్ల అయితే ఎక్కడివని అడగండి. సరస్సులో మావులు (చేపలు పట్టే బోనులు) పెట్టి పట్టినవైతే అమ్మేవాళ్లే గర్వంగా చెబుతారు, ధర కూడా ఆ గర్వానికి తగ్గట్టే ఉంటుంది. ఒకే బల్ల మీద సహజ సరస్సు, మానవ నిర్మిత చెరువు రెండూ పక్కపక్కన దొరికే చోటు ఇదే.

తికమక పెట్టేవి

ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టే చోటు చుట్టూ గట్టు పోసిన చెరువు. కొల్లేరు సహజం, పక్షులు సహజం, అవి ఎంచుకున్న చోటు మాత్రం గట్టున్నది. గుంటూరు దగ్గర పెదకాకాని మండలం ఉప్పలపాడులో అయితే ఇంకా విచిత్రం. అది ఊరి చెరువు, మనుషులు తవ్వుకున్నది. అందులోని తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు గుంపులుగా చేరి పిల్లల్ని చేస్తాయి. పక్షులకి కావాల్సింది చుట్టూ నీళ్లున్న చెట్టు, చేరువలో మేత, రాళ్లు వేయని జనం. ఎవరు తవ్వారన్నది వాటికి పట్టదు. ఇలాంటివి వచ్చినప్పుడు పిల్లలు ఏ గడిలో రాయాలో తెలియక టెన్షన్ పడతారు. పుట్టుక ఒక గడిలో, ఇప్పుడు నీటిని నడిపేదెవరన్నది ఇంకో గడిలో రాయించండి. కొల్లేరు పుట్టుక సహజం, నడక చాలావరకు మనిషి చేతిలో. ఉప్పలపాడు పుట్టుక మనిషిది, నడిపేది సగం పక్షులు.

పులికాట్ గురించి కూడా ఒక వాక్యం రాయొచ్చు. సముద్రం ఇసుక దిబ్బ అడ్డం వేసుకోవడంతో ఏర్పడిన ఉప్పునీటి సరస్సు, మన దేశంలో చిలికా తర్వాత అంతటిది. దూరం కాబట్టి వెళ్లకపోయినా ఫర్వాలేదు.

వనరుల పేజీ ఎలా నింపాలి

ఇక్కడే అందరూ తాగునీరు, సాగునీరు, విద్యుత్తు, పర్యాటకం అని నాలుగు మాటలు రాసి ఊరుకుంటారు. అలా వద్దు. ఒక్కో సరస్సు దగ్గర మనుషుల్ని పట్టుకుని అడగండి: ఎవరు తాగుతున్నారు, ఎవరు పండిస్తున్నారు, ఎవరు పట్టుకుని అమ్ముతున్నారు, ఎవరు తవ్వుకెళ్తున్నారు, దీనివల్ల ఎవరికి ఏం పోయింది. చివరి ప్రశ్న మర్చిపోకండి.

సాగర్‌నే తీసుకోండి. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకి నీళ్లు. కుడికాలువ వల్ల పల్నాడులో మెట్ట నేల తడిసింది. గుంటూరు మిర్చి యార్డుకి వచ్చే టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) ఆ వైపు పంట చాలా ఉంటుంది. కరెంటు కూడా సుమారు 816 మెగావాట్లు. పోయినదేంటి? ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం మునిగింది. తవ్వి తీసిన బౌద్ధ శిల్పాల్ని కొండ మీదికి చేర్చారు, ఆ కొండే ఇప్పుడు లాంచీలో వెళ్లి చూసే నాగార్జునకొండ ద్వీపం. ఇంకా పోతూ ఉన్నది కూడా ఒకటుంది. మొదట 408 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల 312కి తగ్గింది.

నీటితో పాటు ఆ నేలలో ఇంకేముందో కూడా చూడండి. ఆ శిల్పాలన్నీ పల్నాటి సున్నపురాతివే. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మన ఇళ్లలో పరిచిన నాపరాళ్లు, అన్నీ ఆ రాతి చలవే. ఇటు పడమటి డెల్టాలోకి దిగితే ఒండ్రు నేల, వరి, దుగ్గిరాల పసుపు, లంకల్లో అరటి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కి బొగ్గు బయట్నుంచి వచ్చినా, నీళ్లు మాత్రం బ్యారేజీ పైన నిలిచిన కృష్ణవే. ఊరి చెరువు దగ్గరైతే వేసవిలో పూడిక మట్టి తోలుకునే ట్రాక్టర్లని చూడండి, రైతుకి అది ఎరువు, చెరువుకి లోతు. అదే మట్టి రైతు పొలానికి కాకుండా రియల్ ఎస్టేటు మెరకలకి పోతుంటే అది కూడా రాయించండి.

వెళ్లేముందు నాలుగు జాగ్రత్తలు. చేపల చెరువు గట్లు జారతాయి, పిల్లల చెయ్యి వదలకండి. అలుగు పారుతుంటే దాటే ప్రయత్నం వద్దు. తూము దగ్గర నీళ్లు పైకి కదలనట్టే ఉంటాయి గానీ అడుగున లాగుతుంటాయి, అక్కడ దిగనివ్వొద్దు. షట్టరు చక్రం సరదాగా తిప్పనివ్వొద్దు, కాలువలు, తూములు చూసుకునే లస్కర్ చేత చివాట్లు తినాల్సి వస్తుంది.

ఏ నెలలో ఎక్కడికంటే, బ్యారేజీకి ఏప్రిల్, మే. సాగర్ గేట్లు చూడాలంటే ఎగువ వరద వచ్చే ఆగస్టు, సెప్టెంబరు, అవి ఎత్తారని పేపర్లో వచ్చాకే బయల్దేరండి. కొల్లేరుకి, ఉప్పలపాడుకి చలికాలం. ఉప్పలపాడు ఎలాగూ గుంటూరు పక్కనే కాబట్టి సాయంత్రం పెట్టుకోండి, మేతకెళ్లిన గూడబాతులు తిరిగొచ్చే వేళ అది. కొండవీడు వానలు తగ్గిన వెంటనే, చెరువులు నిండుగా ఉన్నప్పుడు. పెన్సిలు, టేపు, ఒక తెల్లకాగితాల నోట్‌బుక్ చాలు, చార్టు కొనకండి.